గోడ వెనక జాగా లేదా? అయితే ముందు ఈ లెక్క చూడండి

ఈ ఎపిసోడ్‌లో టాపిక్ రిటైనింగ్ వాల్. అంటే మట్టిని ఆపే గోడ. కాంపౌండ్ వాల్ గాలికి పడకుండా నిలబడితే చాలు. రిటైనింగ్ వాల్‌ని మాత్రం వెనకున్న మట్టి రాత్రీ పగలూ తోస్తూనే ఉంటుంది. నేను చదివింది బీటెక్ కంప్యూటర్స్, చేసింది సాఫ్ట్‌వేర్ జాబ్. కాబట్టి ఇది చూసి గోడ కట్టేయండి అని చెప్పను. ఇంజినీర్‌ని ఏం అడగాలో చెప్తాను.

గోడే కదా అని తేలిగ్గా తీసుకోకండి. 2025 ఏప్రిల్ 30 తెల్లవారుజామున సింహాచలంలో, చందనోత్సవం రోజున, పెద్ద వాన తర్వాత గోడ కూలి క్యూలో ఉన్న 7గురు భక్తులు చనిపోయారు. విజయవాడ కొండల మీద, విశాఖలో వాలు మీద ఇల్లు కట్టుకునే ప్రతి ఒక్కరికీ ఈ విషయం అవసరం.

ముందు మట్టి ఎలా తోస్తుందో చూద్దాం. 3 మీటర్ల ఎత్తు గోడ అనుకోండి. వెనక ఇసుక కలిసిన మామూలు మట్టి, పైన చదునుగా ఉంది. గోడ కాస్త ముందుకు కదిలితే కొండంతా జారదు. గోడ అడుగు నుంచి సుమారు 60 డిగ్రీల ఏటవాలులో ఒక ముక్క విడిపోయి జారాలని చూస్తుంది, కేక్ ముక్కలాగా. పైన దాని వెడల్పు దాదాపు 1.7 మీటర్లు. గోడని తోసేది ఆ ముక్కే. గోడ పొడవులో ప్రతి మీటరుకీ సుమారు 2.7 టన్నుల తోపు.

ఇప్పుడు అసలు ప్రశ్న. వెనక జాగా మీటరే ఉంటే తోపు తగ్గుతుందా? ఇక్కడే చాలామంది పప్పులో కాలేస్తారు. ఎందుకంటే "జాగా లేదు" అనే మాటకి రెండు అర్థాలున్నాయి.

ఒకటి, మీటరు వెనక గట్టి రాయి ఉంది. పగుళ్లు లేవు, తనంతట తాను నిలబడి ఉంది. అప్పుడు ఆ ముక్క పూర్తిగా ఏర్పడటానికి చోటే లేదు. మధ్యలో ఉన్న కాస్త మట్టి ఇటు గోడని, అటు రాయిని పట్టుకుని కొంత బరువు వాటి మీదే వేస్తుంది. తోపు తగ్గొచ్చు.

రెండు, మీటరు వెనక పక్కవాళ్ల హద్దు. జాగా అయిపోయింది కాగితం మీదే! మట్టికి హద్దురాయి తెలీదు కదా. తోపు పూర్తిగా వస్తుంది. హద్దు దగ్గరే వాళ్ల ఇల్లు ఉంటే ఆ బరువు కూడా తోడవుతుంది. అంటే జాగా తక్కువ, లోడ్ ఎక్కువ.

ఈ రెండింటిలోనూ తగ్గనిది ఒకటుంది. నీళ్లు. నీటి ఒత్తిడి లోతుని బట్టే ఉంటుంది, వెడల్పుని బట్టి కాదు. గోడ వెనక జానెడు సందులో నీళ్లు నిండినా, చెరువు ఉన్నా ఒకే తోపు. మన 3 మీటర్ల గోడ వెనక పూర్తిగా నీళ్లు నిండితే 2.7 టన్నుల తోపు దాదాపు 6 టన్నులు అవుతుంది. రెట్టింపు కంటే ఎక్కువ! ఎండాకాలం నిలబడిన గోడ వానల్లో ఎందుకు పడుతుందో అర్థమైంది కదా.

అందుకే వీప్ హోల్స్, అంటే నీళ్లు బయటికి పోయే పైపులు, తప్పకుండా కావాలి. వాటి వెనక కంకర, మట్టి కొట్టుకు రాకుండా ఫిల్టర్ క్లాత్. కంకరకి చోటు లేకపోతే డ్రైనేజ్ షీట్లు దొరుకుతాయి. నల్లరేగడి మాత్రం వెనక నింపొద్దు, తడిస్తే ఉబ్బి ఇంకా తోస్తుంది.

మరి గోడ ఎలా కట్టాలి? మామూలు కాంక్రీట్ గోడకి కింద ఫుటింగ్ వెడల్పు ఎత్తులో సగం నుంచి 0.7 వంతు దాకా వస్తుంది. అంటే 3 మీటర్లకి 1.5 నుంచి 2.1 మీటర్లు. అందులో ఎక్కువ భాగం వెనక, మట్టి కిందకి వెళ్తుంది. ఆ మట్టి బరువే గోడని తొక్కిపట్టి ఉంచుతుంది. వెనక చోటు లేకపోతే మూడు దారులు.

మొదటిది, ఫుటింగ్‌ని మన వైపు పెంచడం. కానీ తొక్కిపట్టే మట్టి ఉండదు కాబట్టి గోడ ముందుకు జారకుండా విడిగా లెక్క కట్టాలి. రెండోది, తవ్వకముందే హద్దు పొడవునా పక్కపక్కనే పైల్స్ దింపి, తర్వాత మన వైపు తవ్వడం. పక్కనే ఇల్లుంటే ఇదే నయం. మూడోది, వెనక్కి స్టీల్ రాడ్లు దింపి గ్రౌట్ చేయడం. వెనక రాయి ఉంటే బాగా పనికొస్తుంది. కానీ అవి పక్కవాళ్ల జాగా కిందకి వెళ్తే వాళ్ల ఒప్పుకోలు రాతపూర్వకంగా ఉండాలి.

చేయకూడనిది ఏంటంటే, పక్కింటి పునాది పక్కన ఒకేసారి నిలువుగా తవ్వేసి "రేపు గోడ కట్టేద్దాం లే" అనుకోవడం. ఆ ఒక్క రాత్రి వాన చాలు. కింద పనిచేసే కూలీల ప్రాణాలు పోతాయి.

సో, మీ ఇంజినీర్‌ని మూడే అడగండి. వెనక ఉన్నది రాయా, మట్టా? పక్కింటి బరువు లెక్కలో ఉందా? నీళ్లు ఎటు పోతాయి? మూడో దానికి "ఏం కాదులెండి" అనే జవాబు వస్తే పని ఆపేయండి. మీ ఇంటి దగ్గర ఉన్న గోడ మధ్యలో ఉబ్బినా, ముందుకి వాలినా, వానలో పైపుల్లోంచి చుక్క రాకపోయినా ఇంజినీర్‌కి చూపించండి. అప్పటిదాకా పిల్లల్ని దాని దగ్గర ఆడుకోనివ్వకండి. ఉంటాను ఫ్రెండ్స్, బై!