వివరాలు చెప్పని కబురు

రాత్రి ఇంట్లో తండ్రి తల్లిని కొట్టాడు. పోలీసులొచ్చి అతణ్ని తీసుకెళ్లారు. తలుపు వెనక నిలబడి అంతా చూసిన పిల్ల తెల్లారి బడికి వస్తుంది. హోంవర్క్ చేయలేదు, మొదటి పీరియడ్‌లోనే కునికిపాట్లు పడుతుంది. సంగతి తెలియని టీచరు లేపి నిలబెడుతుంది.

ఇలా జరగకూడదని అమెరికాలో వెస్ట్ వర్జీనియా రాష్ట్రంలోని ఛార్ల్‌స్టన్‌లో 2013లో ఒక ఏర్పాటు మొదలుపెట్టారు. గొడవ జరిగిన చోట పిల్లలుంటే పోలీసు ఆ పిల్లల పేరూ బడిపేరూ రాసుకుంటాడు. మర్నాడు బడి మొదలయ్యేలోపు కబురు అందుతుంది: పిల్ల పేరు, పక్కన 'హ్యాండిల్ విత్ కేర్' (జాగ్రత్తగా చూసుకోండి) అన్న మూడు మాటలు. ఏం జరిగిందో అందులో ఉండదు, టీచరూ ఆరా తీయదు. ఆ రోజు పరీక్ష ఉంటే వాయిదా వేస్తుంది. నిద్రొస్తే నర్సు గదిలో పడుకోనిస్తుంది. అవసరమనిపిస్తే కౌన్సెలర్ బడికే వస్తారు. ఆ ఇంటి పరువును కాపాడుతూనే బిడ్డను ఆదుకోవడం నాకు ఇందులో బాగా నచ్చిన సంగతి.

ఇంత జాగ్రత్త ఎందుకు? ముప్పు ఎదురైతే ఒంట్లో అడ్రినలిన్, కార్టిసాల్ పెరుగుతాయి. ముప్పు పోగానే తగ్గాలి. రోజూ భయమే అయితే ఆ తగ్గడం సరిగా జరగదు. మెదడులో భయాన్ని పసిగట్టే అమిగ్డాలా చిన్న చప్పుడుకే ఉలిక్కిపడుతుంది, ఆలోచననూ నిగ్రహాన్నీ చూసే ముందుభాగం వెనకబడుతుంది. అలాంటి బిడ్డకు టీచరు కేక కూడా మరో ముప్పే. బాల్యంలో ఇలాంటి దెబ్బలు ఎన్ని ఎక్కువైతే పెద్దయ్యాక గుండెజబ్బు, కుంగుబాటు, తాగుడు అంత ఎక్కువని శాన్ డియాగోలో 17,000 మందికి పైగా పెద్దలను పరిశీలించిన పరిశోధకులు ఫెలిట్టి, ఆండా 1998 నుంచి వెల్లడిస్తూ వచ్చారు.

అయితే అది తప్పని రాత కాదు. హవాయిలోని కవాయి దీవిలో 1955లో పుట్టిన 698 మందిని పరిశోధకురాలు ఎమ్మీ వెర్నర్ బృందం దశాబ్దాల పాటు గమనించింది. పేదరికం, తల్లిదండ్రుల తాగుడు వంటి కష్టాల మధ్య పెరిగినవాళ్లలో సుమారు మూడోవంతు చక్కగా నిలదొక్కుకున్నారు. అమ్మమ్మో, పిన్నో, పొరుగామో, టీచరో, అక్కరగా చూసుకున్న పెద్దమనిషి ఒక్కరైనా వాళ్లకు ఉన్నారు.

ఛార్ల్‌స్టన్ పద్ధతి పోలీసులు గడప తొక్కిన ఇళ్లకే పనికొస్తుంది. తిండి పెట్టే దిక్కులేని బిడ్డ గురించి ఎవరూ కబురు పంపరు. వాషింగ్టన్ రాష్ట్రంలోని వాలా వాలాలో లింకన్ హైస్కూలు ఏ కబురు కోసమూ ఆగలేదు. 2010 నుంచి అక్కడ పిల్లవాడు నోరు పారేసుకుంటే ఇంటికి తరమకుండా, ముందు కూర్చోబెట్టి ఏమైందని అడగడం మొదలుపెట్టారు. సస్పెన్షన్ రోజుల మొత్తం ఒక్క ఏడాదిలోనే 798 నుంచి 135కి పడిపోయింది.