కాగితం నుంచి కంప్యూటరుకు కార్యాలయం: ఉద్యోగి ఆదరణే ఈ-ఆఫీస్ విజయానికి పునాది

రాష్ట్రంలో జిల్లాల పునర్వ్యవస్థీకరణలో భాగంగా 2022 ఏప్రిల్ 4న మచిలీపట్నం, గుడివాడ డివిజన్లతో పాటు ఉయ్యూరు కేంద్రంగా నూతన రెవెన్యూ డివిజన్ కృష్ణా జిల్లాలో ఏర్పడింది. నూతన డివిజన్ అంటే కార్యాలయ భవనం, అధికారి నియామకం మాత్రమే కాదు. అంతవరకు వేరే డివిజన్ కార్యాలయాలలో ఉన్న ఆయా మండలాల దస్త్రాలు కొత్త చోటుకు చేరాలి. కాగితపు దస్త్రాలైతే బీరువాలు వెదకి, జాబితాలు రాసి, మూటలు కట్టి పంపాలి. ఒక్క దస్త్రం తప్పిపోయినా దానిపై ఆధారపడిన రైతు కొన్ని నెలలు తిరగవలసి వస్తుంది. ఎలక్ట్రానిక్ దస్త్రమైతే అదే పని కంప్యూటరుపై జరుగుతుంది. ఈ-ఆఫీస్ అవసరాన్ని ఇంతకంటే స్పష్టంగా తెలిపే సందర్భం అరుదు.

నేపథ్యం

ప్రభుత్వ కార్యాలయాలలో కంప్యూటర్ల వినియోగం రాష్ట్రానికి కొత్త కాదు. రిజిస్ట్రేషన్ శాఖలో ‘కార్డ్’ పథకం 1998 నవంబరులో, పౌర సేవల కోసం ‘ఈ-సేవ’ 2001లో, ‘మీ-సేవ’ 2011 నవంబరులో ప్రారంభమయ్యాయి. 2019 అక్టోబరు 2న గ్రామ, వార్డు సచివాలయ వ్యవస్థ, 2025 జనవరి 30న వాట్సాప్ ద్వారా సేవలందించే ‘మన మిత్ర’ అమలులోకి వచ్చాయి. ఇవన్నీ ప్రధానంగా ప్రజలకు కనిపించే ముఖద్వారాలు. దరఖాస్తు లోపలికి వచ్చిన తరువాత కార్యాలయంలో అది నడిచే తీరును మార్చేది ఈ-ఆఫీస్. జాతీయ సమాచార విజ్ఞాన కేంద్రం రూపొందించిన ఈ వ్యవస్థను తొలి దశలోనే అమలులోకి తెచ్చిన జిల్లాలలో ఉమ్మడి కృష్ణా జిల్లా ఒకటి.

పాత పద్ధతిని అర్థం చేసుకోవడం మొదటి మెట్టు

జిల్లా కార్యాలయాలలో మద్రాసు రాష్ట్ర కాలం నుంచి టాటెన్‌హామ్ పద్ధతి కొనసాగుతూ వచ్చింది. వచ్చిన ప్రతి తపాలుకు ఒక సంఖ్య, ప్రతి గుమాస్తాకు ఒక పర్సనల్ రిజిస్టర్, అభిప్రాయాలకు నోట్ ఫైల్, ఉత్తర ప్రత్యుత్తరాలకు కరెంట్ ఫైల్, ముగిసిన దస్త్రాన్ని ఎంతకాలం భద్రపరచాలో తెలిపే వర్గీకరణ ఇందులో ఉన్నాయి. ఏ కాగితం ఎవరి వద్ద ఎన్నాళ్లుగా ఉన్నదో తెలియాలన్నదే దీని సారాంశం.

ఈ-ఆఫీస్ ఉద్దేశం కూడా అదే. ఇందులో పసుపు పుటపై రాసినది చిత్తుప్రతి, దానిని మార్చుకోవచ్చు. ఆకుపచ్చ పుటపైకి చేరి పై అధికారికి వెళ్లిన నోట్‌ను ఎవరూ దిద్దలేరు. ఎవరు, ఏ రోజు, ఏ సమయాన ఏమి రాశారో శాశ్వతంగా నిలుస్తుంది. నియమబద్ధంగా నోట్ రాసిన గుమాస్తాకు ఇది రక్షణ. ఈ విషయాన్ని సీనియర్ అసిస్టెంట్లకు వారికి తెలిసిన రిజిస్టర్ల భాషలో వివరించినప్పుడు కొత్త విధానం పరాయిదిగా అనిపించదు.

ఇద్దరు తరాల ఉద్యోగులు

రాష్ట్ర ఉద్యోగుల పదవీ విరమణ వయసు 2014లో 58 నుంచి 60 ఏళ్లకు, 2022లో 62 ఏళ్లకు పెరిగింది. మరోవైపు 2019లో సచివాలయాల ద్వారా లక్షకు పైగా యువ ఉద్యోగులు సర్వీసులో చేరారు. ఫలితంగా కలంతో నోట్ రాయడంలో ఆరితేరిన వారు, కంప్యూటరుతోనే ఉద్యోగం ప్రారంభించిన వారు ఒకే వ్యవస్థలో పనిచేస్తున్నారు. మొదటి వారికి నిబంధనలు తెలుసు, రెండవ వారికి యంత్రం తెలుసు. ఇరువురినీ జతగా కూర్చోబెట్టి, సొంత దస్త్రంపైనే నేర్పించే శిక్షణ ఒకనాటి ఉపన్యాసం కంటే మేలు.

జతగా పనిచేయడమంటే పాస్‌వర్డు, డిజిటల్ సంతకం ఇతరులకు అప్పగించడం కాదు. ఎలక్ట్రానిక్ సంతకానికి చట్టబద్ధత కల్పించిన 2000 నాటి సమాచార సాంకేతిక చట్టమే, దానిని తన అధీనంలో జాగ్రత్తగా ఉంచుకోవలసిన బాధ్యతను సంతకందారుపై మోపింది. నేర్చుకోవడానికి తగిన వ్యవధి ఇవ్వని చోట ఆపరేటరుకు సంతకం అప్పగించే అలవాటు ఏర్పడే ప్రమాదం ఉంది.

తెలుగులోనే నోట్

1966 నాటి అధికార భాషా చట్టం ప్రకారం తెలుగు రాష్ట్ర అధికార భాష. కలంతో చక్కని తెలుగు రాసే ఉద్యోగి, టైపు రాని కారణంగా అరకొర ఆంగ్లంలో రెండు వాక్యాలతో సరిపెడితే నోట్ నాణ్యత తగ్గుతుంది. పాత ఫాంట్లలో టైపు చేసిన తెలుగు మరొక కంప్యూటరులో అక్షరాలు చెదిరి కనిపించడం అందరికీ అనుభవమే. యూనికోడ్ తెలుగు, ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు, తరచుగా వాడే నోట్‌లకు తెలుగు నమూనాలు సిద్ధంగా ఉంచడం ప్రణాళికలో తప్పనిసరి భాగం కావాలి.

రెట్టింపు పని, నిఘా భయం తొలగాలి

కాగితంపై సంతకాలు తీసుకుని, అదే దస్త్రాన్ని స్కాన్ చేసి మరల ఈ-ఆఫీస్‌లో పంపడం ఉద్యోగులను విసిగిస్తుంది. ఫలానా తేదీ తరువాత ఫలానా రకం దస్త్రం కాగితంపై స్వీకరించబడదని స్పష్టమైన ఉత్తర్వు ఉండాలి. దానిని ముందుగా పాటించవలసినది పై అధికారే. అధికారి ప్రింటు తీసుకురమ్మని అడిగిన రోజు కింది సిబ్బంది తిరిగి కాగితానికి మళ్లుతారు.

రెండవది విశ్వాసం. 2022 ఆగస్టులో ముఖ ఆధారిత హాజరు యాప్‌ను సొంత ఫోన్లలో వేసుకోవలసి రావడంపై ఉపాధ్యాయ సంఘాలు అభ్యంతరం తెలిపాయి. ఫోన్ ఎవరిది, డేటా ఖర్చు ఎవరిది, సమాచారం ఎక్కడికి చేరుతుంది అన్న సందేహాలకు ముందే సమాధానం ఉండాలని ఆ అనుభవం తెలుపుతున్నది. అదే విధంగా ఈ-ఆఫీస్‌లో పెండింగ్ రోజుల లెక్కను వివరణ కోరడానికి మాత్రమే గాక, ఒకే సీటుపై పడిన అధిక భారాన్ని గుర్తించి పంచడానికి కూడా వినియోగించాలి.

డెల్టాకు ప్రత్యేక జాగ్రత్తలు

1977 నవంబరు 19 నాటి ఉప్పెన దివిసీమలో వేలాది ప్రాణాలు బలిగొన్నది. 2009 అక్టోబరులో ప్రకాశం బ్యారేజీ వద్ద 11.10 లక్షల క్యూసెక్కులు, 2024 సెప్టెంబరులో 11.43 లక్షల క్యూసెక్కుల వరద నమోదైంది. ఇటువంటి ప్రాంతంలో రికార్డు గదిలోని ఏకైక ప్రతిపై ఆధారపడటం ప్రమాదకరం. వేరొక చోట భద్రమైన నకలు గల ఎలక్ట్రానిక్ దస్త్రం నీటికి, నిప్పుకు నశించదు.

అయితే తుపాను వేళ ముందుగా నిలిచేవి విద్యుత్తు, నెట్‌వర్కు. సహాయక చర్యల ఉత్తర్వులు అందుకోసం ఆగరాదు. అత్యవసరంలో కాగితంపై ఉత్తర్వు ఇచ్చి, సేవలు పునరుద్ధరణ కాగానే ఈ-ఆఫీస్‌లో నమోదు చేసే విధానాన్ని ముందుగానే రాతపూర్వకంగా నిర్ణయించాలి.

అంతిమ ప్రయోజనం ప్రజలకే

ఎన్ని దస్త్రాలు కంప్యూటరులోకి చేరాయన్నది సాఫల్యానికి కొలమానం కాదు. తోట్లవల్లూరు లేదా పమిడిముక్కల నుంచి వచ్చిన రైతు తన దస్త్రం ఎవరి వద్ద ఉన్నదని అడిగితే, సంబంధిత గుమాస్తా సెలవులో ఉన్నా వెంటనే సమాధానం లభించాలి. ఆ సమాధానం చెప్పగలిగిన ఉద్యోగికి రైతు ఎదుట గౌరవం పెరుగుతుంది. తన పనిని సులభతరం చేసి, తన గౌరవాన్ని నిలిపే విధానాన్ని ఉద్యోగి స్వచ్ఛందంగా స్వీకరిస్తాడు.