చెదిరిన అక్షరాలు: డేటాబేస్ తరలింపులో తెలుగు

విదేశాల్లో తెలుగు పుస్తకాలూ, పచ్చళ్ళూ, పిండివంటలూ అమ్మే చిన్న దుకాణాలు ఇప్పుడు చాలావరకు ఆన్‌లైన్‌లోనే నడుస్తున్నాయి. సరుకు పేరు, అందులోని దినుసులు, కొన్నవారి చిరునామా అన్నీ ఒక డేటాబేస్‌లో ఉంటాయి. దానిని పాత సర్వర్ నుండి కొత్త సర్వర్‌కు తరలించిన మర్నాడు, తెలుగు ఉండవలసిన చోట తలపై వాలుగీత ఉన్న రోమన్ ‘ఎ’లు, డిగ్రీ గుర్తులు, ప్లస్-మైనస్ గుర్తులు బారులు తీరి కనిపిస్తాయి. చూడటానికి బాగుండకపోవడంతో పోయే ఇబ్బంది కాదిది. వేరుశనగ పడనివారు పచ్చడి సీసా కొనే ముందు చదివేది ఆ దినుసుల జాబితానే.

కంప్యూటర్ అక్షరాలను అంకెలుగా దాచుకుంటుంది. ఏ అంకె ఏ అక్షరానికి గుర్తో చెప్పే ఒప్పందమే ఎన్‌కోడింగ్. యూనికోడ్‌లో తెలుగుకు 1991 నాటి తొలి కూర్పు నుండీ చోటుంది. 1992లో కెన్ థాంప్సన్, రాబ్ పైక్ రూపొందించిన యూటీఎఫ్-8 పద్ధతిలో ప్రతి తెలుగు సంకేతానికీ మూడు బైట్లు పడతాయి. ఉదాహరణకు, ‘అ’ అంటే 224, 176, 133. తెలుగు సంకేతాలన్నిటికీ మొదటి బైటు 224. రెండవది 176 గాని, 177 గాని. ఈ అంకెలనే పశ్చిమ ఐరోపా భాషలకై ఏర్పడిన విండోస్-1252 పట్టిక ప్రకారం చదివితే 224 వాలుగీత ‘ఎ’ అవుతుంది. 176 డిగ్రీ గుర్తు, 177 ప్లస్-మైనస్ గుర్తు అవుతాయి. కాబట్టి తెర మీద ఆ గుర్తులు కనిపించినంత మాత్రాన తెలుగు నశించిందని అనుకోనక్కరలేదు.

మరి అన్నేళ్ళూ సవ్యంగా కనిపించిన తెలుగు తరలింపుతోనే ఎందుకు చెదిరింది? మైఎస్‌క్యూఎల్‌లో 2018లో వచ్చిన 8.0 కూర్పు దాకా, వేరే చెప్పకపోతే, పాఠ్యానికి ‘లాటిన్1’ అన్న చీటీయే అంటుకునేది. పేరు లాటిన్1 అయినా అక్కడ వాడే పట్టిక విండోస్-1252. పాత ప్రోగ్రాములు తెలుగు బైట్లను లాటిన్1 పేరుతోనే లోపలికి పంపి, అదే పేరుతో వెనక్కి తీసుకునేవి. రెండు తప్పులూ ఒకదానినొకటి కప్పిపుచ్చుకునేవి. తరలింపు వేళ ఎగుమతి ప్రోగ్రాము యూనికోడ్‌లో ఇమ్మని అడుగుతుంది. సర్వర్ చీటీని నమ్మి, ఒక్కొక్క బైటునూ ఒక్కొక్క లాటిన్ అక్షరంగా భావించి మళ్ళీ యూనికోడ్‌లోకి మారుస్తుంది. అలా ఒక ఎన్‌కోడింగ్‌పై మరొకటి పేరుకుంటుంది.

చికిత్సకు ముందు రోగనిర్ణయం జరగాలి. అక్షరాల లెక్క, బైట్ల లెక్క చెప్పే ఫంక్షన్లు మైఎస్‌క్యూఎల్‌లో వేరువేరుగా ఉన్నాయి. గుణింతపు గుర్తులను యూనికోడ్ విడిగా లెక్కిస్తుంది గనుక ‘తెలుగు’ అన్న మాటలో ఆరు సంకేతాలున్నాయి. లెక్క 6 అక్షరాలు, 18 బైట్లుగా వస్తే అంతా క్షేమం. 18 అక్షరాలు, 18 బైట్లు వస్తే బైట్లు మంచివే, చీటీ తప్పు. 18 అక్షరాలు, 38 బైట్లు వస్తే రెండుసార్లు ఎన్‌కోడ్ అయినట్టు. 6 అక్షరాలు, 6 బైట్లు వచ్చి అన్నీ ప్రశ్నార్థకాలే అయితే అసలు బైట్లు పోయినట్టే. పాత బ్యాకప్ తప్ప వేరే మార్గం లేదు.

చీటీ మాత్రమే తప్పయిన కాలమ్‌ను ముందు బైనరీ రకానికి, ఆ పైన యూటీఎఫ్8ఎంబీ4కు మార్చాలి. నేరుగా మారిస్తే పైన చెప్పిన రెండవ ఎన్‌కోడింగ్ జరిగిపోతుంది. రెండుసార్లు ఎన్‌కోడ్ అయినదానిని ముందు లాటిన్1కు, తరువాత బైనరీకి, చివరగా యూటీఎఫ్8ఎంబీ4కు మార్చాలి. ఏదైనా నకలు ప్రతి మీదే చేయాలి. తరలింపు తరువాత వచ్చిన ఆర్డర్లు సరైన తెలుగులోనే ఉండవచ్చు. వాటికీ ఈ మందే వేస్తే ఆ మంచి తెలుగు ప్రశ్నార్థకాల పాలయ్యే ప్రమాదముంది. అందుకే ప్రతి వరుసనూ పరీక్షించి, చెడినదానినే ముట్టుకోవాలి.

తెలుగుకు గండం మరొకటుంది. విండోస్-1252 పట్టికలో 129, 141, 143, 144, 157 స్థానాలు ఖాళీ. కొమ్ము గుర్తులో మూడవ బైటు 129, పొల్లులో 141, ‘ఏ’, ‘ఐ’, ‘ఝ’లలో వరుసగా 143, 144, 157. మైఎస్‌క్యూఎల్ ఈ ఖాళీలను పదిలంగా దాటిస్తుంది. కానీ చెదిరిన పాఠ్యాన్ని తెర మీది నుండి కాపీ చేసినా, మరో ప్రోగ్రాము గుండా పంపినా ఆ బైట్లు రాలిపోవచ్చు. అప్పుడు కొమ్ములూ, పొల్లులూ ఉన్న చోటల్లా మాట విరుగుతుంది. ఉకారాంతాలూ, ద్విత్వాలూ ఇంతగా ఉన్న భాషలో అది చిన్న నష్టం కాదు.

నివారణ ఇంతకంటె సులభం. పాత డేటాబేస్‌ను దాని చీటీ ప్రకారమే, అంటే లాటిన్1 గానే ఎగుమతి చేస్తే సర్వర్ ఏ మార్పూ చేయదు. దిగుమతి వేళ ఫైలుకూ, పట్టికలకూ యూటీఎఫ్8ఎంబీ4 అని ప్రకటించాలి. పాత ‘యూటీఎఫ్8’ మూడు బైట్ల దగ్గరే ఆగిపోతుంది. తెలుగుకు అది చాలినా నాలుగు బైట్ల ఎమోజీలకు చాలదు. పాత సర్వర్‌ను మూసివేసే ముందు ‘వేరుశనగ నూనె’, ‘నువ్వులు’, ‘ఐదు’, ‘ఝాన్సీ’ వంటి మాటలున్న కొన్ని వరుసలను రెండుచోట్లా పోల్చి చూస్తే, కొమ్ము, పొల్లు, ‘ఐ’, ‘ఝ’లన్నీ క్షేమంగా చేరాయో లేదో తేలిపోతుంది.