ఒక్క దినంలో చాంగాన్: సంస్కృతాంధ్ర పరిశోధకుల దృష్టితో షియాన్ నగర సందర్శనం

చీనాదేశంలోని షాన్‌షీ ప్రాంతానికి ముఖ్యపట్టణమైన నేటి షియాన్ నగరమే ప్రాచీన చాంగాన్. తాంగ్ చక్రవర్తుల కాలంలో అది ఆసియా ఖండపు మహానగరాలలో అగ్రగణ్యం. నేటి యాత్రికులు సాధారణంగా ఒక కారును, ఒక మార్గదర్శకుని దినమంతటికీ కుదుర్చుకొని నగరాన్ని చూస్తారు. మార్గదర్శకులు ముందుగా తీసికొని వెళ్ళేది 1974లో బయల్పడిన మట్టి సైనికుల వద్దకు. అవి చూడదగినవే, కాని నగరానికి తూర్పుగా లిన్‌తోంగ్‌లో ఉన్నందున వాటికే ఒక పూట గడచిపోతుంది. సంస్కృత వాఙ్మయాన్ని అభ్యసించేవారికి కావలసిన చాంగాన్ వేరు. భారతదేశంలో మూలం నశించిన గ్రంథాలు అనేకం ఈ నగరంలోనే చీనా భాషలోకి పరివర్తితమై నిలిచాయి. ఉన్న ఒక్క దినాన్ని ఆ దృష్టితో ఎట్లు వినియోగించుకోవాలో వివరించడమే ఈ వ్యాసోద్దేశం.

నామాల చిక్కు

మొదటి చిక్కు పేర్లతోనే వస్తుంది. మనం 'నాగార్జునుడు' అంటే చీనా మార్గదర్శకునికి అర్థం కాకపోవచ్చు. కుమారజీవుని అనువాదాలలో ఆ ఆచార్యుని పేరు 'లొంగ్‌షు'. 'లొంగ్' అనగా నాగం; 'షు' అనగా వృక్షం. అర్జున శబ్దానికి మద్దిచెట్టు అనే అర్థాన్ని ఇక్కడ గ్రహించారన్నమాట. మనవారు హ్యూయన్‌త్సాంగ్ అని వ్రాస్తూ వచ్చిన షువాన్‌జాంగ్ దీనిని అంగీకరించక 'లొంగ్‌మెంగ్' అన్నాడు. 'మెంగ్' శబ్దం పరాక్రమాన్ని సూచిస్తుంది. ఒక్క నామం అనువాదంలోనే రెండు వ్యాఖ్యాన మార్గాలు కనిపిస్తున్నాయి. కావున చూడదలచిన స్థలాల పేర్లను, ఆచార్యుల పేర్లను చీనా లిపిలో వ్రాయించుకొని మార్గదర్శకునికి ముందుగానే పంపడం అవసరం. అట్లు చేయకపోతే షువాన్‌జాంగ్ ప్రసక్తి వచ్చినప్పుడల్లా వానరవీరుని కథలు తప్ప అనువాదకుని చరిత్ర వినబడదు.

ఉదయం: రెండు గోపురాలు

ఉదయం దాత్సియెన్ విహారంతో ఆరంభించడం ఉచితం. యువరాజు తన తల్లి స్మృత్యర్థం 648లో దీనిని నిర్మింపజేశాడు. 645లో 657 గ్రంథాలతో భారతదేశం నుండి మరలివచ్చిన షువాన్‌జాంగ్ ఇక్కడ అనువాద కార్యం నడిపాడు. జీవితకాలంలో ఆయన అనువదించినవి 75 గ్రంథాలు, 1335 సంపుటాలు. గ్రంథాలను, ప్రతిమలను భద్రపరచడానికి 652లో ఇక్కడ గోపురం లేచింది. అనంతరం పునర్నిర్మితమై నేడు ఏడంతస్తులతో సుమారు 64 మీటర్ల ఎత్తున నిలిచి ఉంది. ఆ గ్రంథ భాండాగారం నేడు లేదు. పైకి ఎక్కడానికి తొందరపడక దక్షిణ ద్వారానికి ఇరుప్రక్కల ఉన్న 653 నాటి రెండు శిలాఫలకాల ముందు నిలవాలి. ఆ అనువాదాలను గూర్చి చక్రవర్తి, యువరాజు వ్రాసిన పీఠికలు వాటిపై ఉన్నాయి.

షువాన్‌జాంగ్ మన ధాన్యకటకంలో కొన్ని మాసాలు నిలిచి మహాసాంఘికుల అభిధర్మాన్ని అభ్యసించాడు. ధాన్యకటకంతో సంబంధమున్నట్లు తానే చెప్పిన భావవివేకుని 'కరతలరత్నం' అనే గ్రంథాన్ని 649లో అనువదించాడు. ఆ చీనా పాఠం ఆధారంగానే ఎన్. అయ్యాస్వామి శాస్త్రిగారు దానిని తిరిగి సంస్కృతీకరించగా 1949లో విశ్వభారతి ప్రకటించింది.

అక్కడి నుండి చిన్న గోపురానికి దూరం స్వల్పమే. 671లో బయలుదేరి, సముద్రమార్గాన భారతదేశం చేరి, 695లో స్వదేశానికి మరలిన యీజింగ్ (ఇత్సింగ్) అనువాదాలు చేసిన జియన్‌ఫు విహారం ఇది. నాగార్జునుడు శాతవాహన ప్రభువుకు వ్రాసినట్లు ప్రసిద్ధమైన 'సుహృల్లేఖ' చిరకాలం చీనా, టిబెట్ అనువాదాల మూలంగానే విద్వల్లోకానికి తెలుస్తూ వచ్చింది. ఆ చీనా అనువాదాలలో ఒకటి యీజింగ్‌దే.

అపరాహ్ణం: శిలావనం

దక్షిణ ద్వార సమీపంలోని 'బెయిలిన్' అనే శిలాఫలక సంగ్రహాలయానికి మధ్యాహ్నాన్నంతటినీ కేటాయించాలి. 1087లో ఏర్పడిన ఈ సంగ్రహంలో 837 నాటి కన్ఫ్యూషియస్ సంప్రదాయ గ్రంథాల శిలాపాఠం 114 ఫలకాలపై ఉంది. లేఖకప్రమాదాలకు లొంగని ప్రామాణిక పాఠాన్ని రాతిపై స్థాపించాలన్న ఆ సంకల్పం పాఠపరిష్కర్తలకు ఆలోచన కలిగిస్తుంది.

మనవారు తప్పక చూడవలసింది 672 నాటి ఫలకం. అందులో పైన చెప్పిన పీఠికలతోబాటు షువాన్‌జాంగ్ అనువదించిన ప్రజ్ఞాపారమితా హృదయసూత్రం చెక్కబడింది. సూత్రభాగం చీనా భాషలో ఉన్నది. చివరి మంత్రం మాత్రం అర్థానువాదం లేక సంస్కృత ధ్వనులతోనే చీనా లిపిలో నిలిచింది. ఆ పంక్తిని మార్గదర్శకునిచేత చదివించుకొని వినాలి. నేటి ఉచ్చారణ ఎంతో మారినా మూలశబ్దాల ఛాయ చెవికి తగులుతుంది. ధ్వనిశాస్త్ర పాఠాలు చెప్పే ఉపాధ్యాయునికి ఇంతకు మించిన ఉదాహరణం దొరకదు.

సాయంకాలం మింగ్ కాలపు ప్రాకారంపై కొంత దూరం నడిస్తే దిన కార్యక్రమం పూర్తి అవుతుంది. దాని చుట్టుకొలత దాదాపు 14 కిలోమీటర్లు. ఉదయం చూచిన గోపురాలు రెండూ ఈ ప్రాకారానికి వెలుపల ఉన్నాయి. తాంగ్ కాలంలో అవి నగరాంతర్భాగాలే. పూర్వపు చాంగాన్ ఎంత విశాలమో దీనివల్ల గ్రహించవచ్చు.

మిగిలినవి

401లో చాంగాన్ చేరిన కుమారజీవుని స్మారక స్తూపమున్న త్సావ్‌తాంగ్ విహారం నగరానికి నైరృతిలో, షువాన్‌జాంగ్ అస్థికల స్తూపమున్న షింగ్‌జియావ్ విహారం దక్షిణాన ఉన్నాయి. వీటిని అదే దినంలో చేర్చడం అత్యాశ. రెండవ దినం ఉంటేనే సాధ్యం. నాగార్జున కర్తృకమని ప్రతీతిగల మహాప్రజ్ఞాపారమితాశాస్త్రం కుమారజీవుని 100 సంపుటాల అనువాదంగానే నేటికీ మనకు లభిస్తున్నది.

ఆంధ్రదేశంలో పుట్టిన చింతనను తెలిసికోవడానికి చీనా లిపి ముందు మనం నిరక్షరులమై నిలవవలసి రావడం విచారింపదగిన విషయం. ఒక్క దినపు సందర్శనం ఆ లోటును తీర్చలేదు, మనకు ఎరుకపరచగలదు. సంస్కృతం, ప్రాకృతం, పాలి నేర్పుతున్న మన ప్రాచ్య కళాశాలల నుండి ఏటా ఒక్క విద్యార్థి అయినా ప్రాచీన చీనా భాషాభ్యాసానికి పూనుకొంటే, అయ్యాస్వామి శాస్త్రిగారు వేసిన బాటలో తదుపరి అడుగు పడినట్లే.