మన వీధి ఛానెల్‌కి లస్కరు ఎవరు?

‘కేబుల్ ఛానెల్ వాళ్ళని అడిగే నాథుడే లేడండీ’ అని బెజవాడ నుంచి బందరు దాకా ఎవరన్నా నాకు ఒళ్ళు మండుతుంది. నాథులు ఉన్నారు. మనమే వాళ్ళ గుమ్మం తొక్కం.

డెల్టాలో పుట్టినవాణ్ణి, నాకు ఏది చెప్పాలన్నా కాలువే గుర్తొస్తుంది. ప్రకాశం బ్యారేజీ దగ్గర ఆగిన నీళ్ళు ఏలూరు, బందరు, రైవస్ కాలువల్లోకి మళ్ళి, చివరికి బోదెల్లో పడి చేలకి చేరతాయి. కేబులూ అంతే. డిష్షులతో ఛానెళ్ళన్నిటినీ ఒకచోట పట్టే హెడ్ఎండ్ బ్యారేజీ, దాన్ని నడిపే ఎంఎస్ఓ ఇరిగేషన్ శాఖ, నెలనెలా డబ్బులకొచ్చే కేబులబ్బాయి బోదె చూసుకునే మనిషి. మరి లోకల్ ఛానెల్? అది ఆకాశం నుంచి దిగిన సరుకు కాదు. హెడ్ఎండ్‌లో ఓ కంప్యూటరూ ఎన్‌కోడరూ పెట్టి దుర్గగుడి దసరా లైవు, ఆషాఢం డిస్కౌంట్ల ప్రకటనలు, అడుగున స్క్రోలింగు కలిపేస్తారు. కాలువ గట్టున బోరేసి ఆ నీళ్ళనీ కాలువలోకే వదిలినట్టు. చేలో నిలబడి చూస్తే రెండు నీళ్ళూ ఒకటే రంగు.

2024 సెప్టెంబరులో బుడమేరు వాగు బెజవాడ సింగ్‌నగర్‌ని ముంచినప్పుడు మాత్రం నా పోలిక తిరగబడింది. నిజం నీళ్ళొచ్చాయి, కరెంటు పోయింది, ఈ కాలువ ఎండిపోయింది. స్థానిక వార్త అవసరమైనవాళ్ళ ఇళ్ళలోనే టీవీ లేదు.

సరే, చట్టం. 1995 నాటి కేబుల్ చట్టం కింద ఆపరేటరు మొన్నమొన్నటిదాకా హెడ్ పోస్టాఫీసులో నమోదయ్యేవాడు. 2025 జనవరి నుంచి ఆ పని కేంద్ర సమాచార ప్రసార శాఖే ఆన్‌లైన్లో చూస్తోంది. ఆ నమోదు కాగితం తీగ లాగి కనెక్షన్లు ఇచ్చుకోవడానికి. దాన్ని చూపించి ‘మాకు ఛానెల్ లైసెన్సుంది’ అంటే నమ్మకండి. లోకల్ ఛానెల్‌కి సర్కారు పెట్టిన పేరు ‘ప్లాట్‌ఫామ్ సర్వీస్’. 2022 నవంబరు 30 నాటి మార్గదర్శకాల ప్రకారం ఛానెల్‌కి వెయ్యి రూపాయలు కట్టి నమోదు చేయించాలి, ఆ పేరు తెరమీద కనబడాలి, వార్తలు చెప్పాలంటే కంపెనీ అయివుండాలి. ప్రసారం చేసిన ప్రతిదాని రికార్డింగూ 90 రోజులు దాచాలి.

ఈ 90 రోజులే మన చేతిలో ఉన్న తూము తాళం: ఆలోపు ఫిర్యాదిస్తే అధికారి ఆ రికార్డింగు తెప్పించి చూడొచ్చు. మా పక్కింటి పిన్నిగారు ఓ లోకల్ ఛానెల్లో జ్యోతిష్కుడు చెప్పాడని రంగురాయి కొని, మోకాలినొప్పి తగ్గలేదని నా దగ్గరికొచ్చారు. రాయికీ మోకాలికీ ఏం సంబంధమో అడగలేదు, పెద్దావిడ. 1994 కేబుల్ నిబంధనల్లో ఆరోది మూఢనమ్మకాలను ప్రోత్సహించే కార్యక్రమం వెయ్యకూడదంటుంది. ఆ లెక్కన సగం పొద్దుటి కార్యక్రమాలు మూతపడాలి!

‘ఏ రోజు చూశారు పిన్నిగారూ?’

‘మొన్నే బాబూ. అన్నాలయ్యాక.’

‘ఏ ఛానెలు?’

‘అదే, మన కేబుల్ది.’

ఇలాంటి ఫిర్యాదు పట్టుకుని ఏ అధికారైనా ఏ రికార్డింగు తెప్పిస్తాడు? తేదీ, టైము, ఛానెల్ నంబరు, అన్న మాట. ఈ నాలుగూ ఒక కాగితం మీద పెట్టి ఇవ్వాలి. ఎవరికంటారా, చట్టం చెప్పే అధీకృత అధికారులు జిల్లా మేజిస్ట్రేటు, సబ్ డివిజనల్ మేజిస్ట్రేటు, పోలీసు కమిషనరు. అంటే మన కలెక్టరాఫీసో, కమిషనరాఫీసో. కాలువకి కాపలా ఉండే లస్కరులాగా మన వీధి ఛానెల్‌కి లస్కర్లు వీళ్ళే. జిల్లా పర్యవేక్షణ కమిటీ కూడా ఉండాలి, అందులో మహిళా కళాశాల ప్రిన్సిపాలుకీ చోటుంది.

చట్టంలో లేనిది వేరే ఉంది. అమెరికాలో 1984 చట్టం ప్రకారం జనం సొంతంగా కార్యక్రమాలు వేసుకునే ఛానెల్ కావాలని ఊరు కేబుల్ కంపెనీని అడగొచ్చు. మనకి సంఘాలు రేడియో పెట్టుకునే విధానం 2006 నుంచి ఉంది, కేబుల్లో అరగంట అడిగే హక్కు లేదు. పెడన కలంకారీ అచ్చుల మీద ఎవరైనా చక్కటి చిత్రం తీసినా, వేస్తే ఎంఎస్ఓ దయ.

మూడోనాడు పిన్నిగారు గోడ మీదనుంచి కేకేశారు. ‘బాబూ, రాసుకున్నా. మంగళవారం, తొమ్మిదీ పన్నెండు. మళ్ళీ వాడే!’ కాగితం చూపించారు. పాత కేబుల్ రసీదు వెనకవైపు.