చాలుననగలిగిన వర్తకుడు

బేరములు సాగక దుకాణం మూసినవారు లోకంలో అనేకులు. బేరములు పెరుగుతున్నవని దుకాణం విడిచినవాడు మాత్రం అరుదు. అట్టివాడు జాన్ వూల్మన్.

ఈయన 1720లో, నాటి ఆంగ్లేయ వలస రాజ్యమైన న్యూజెర్సీలో, క్వేకరు మతస్థుల ఇంట జన్మించినాడు. యౌవనంలో ఒక దుకాణంలో గుమాస్తాగా ఉండగా, యజమాని తన బానిస స్త్రీని అమ్ముతూ విక్రయపత్రం వ్రాయమన్నాడు. వూల్మన్ వ్రాసినాడు, కాని బానిసలను ఉంచుకొనుట క్రైస్తవధర్మానికి విరుద్ధమని అక్కడనే చెప్పినాడు. పిమ్మట మరొకరు అట్టి పత్రమే కోరగా నిరాకరించినాడు.

తరువాత మౌంట్ హోలీలో సొంతంగా వర్తకం ప్రారంభించినాడు. ఆడంబరానికి తప్ప అక్కరకు రాని సరకు అమ్మడానికి ఆయన మనసొప్పలేదు. పేదవారు శక్తికి మించిన వస్తువు కోరితే, తక్కువ ధరది కొనుమని సలహా చెప్పేవాడు. అయినను వ్యాపారం వృద్ధిపొందింది. ఆ వృద్ధియే ఆయనకు భారమైంది. 1756లో వర్తకం మాని, కుట్టుపనితోను, ఆపిలుతోటతోను జీవించసాగినాడు.

ఇందువలన ఆయన పొందినదేమి? తీరిక, నిర్భయత్వం. 1757లో దక్షిణ ప్రాంతాలలో సంచరిస్తూ, తనకు ఆతిథ్యమిచ్చిన యజమానుల ఇండ్లలో సేవచేసిన బానిసలకు కూలి చెల్లించినాడు. బానిసల శ్రమతో పండిన పంచదారను విసర్జించినాడు. రంగులద్దని వస్త్రములు ధరించినాడు. పర్వతప్రసంగంలో క్రీస్తు ధనమును దేవునితో పోటీపడే యజమానిగా వర్ణించినాడు. అనవసరమైన కోరిక అప్పునకు, అప్పు అధికలాభాపేక్షకు, ఆ అపేక్ష పరుల శ్రమను దోచుటకు దారితీయునని వూల్మన్ గ్రహించినాడు.

అందరును ఇట్లే చేస్తే వర్తకమెట్లు సాగునని అడుగవచ్చును. ఆయన వర్తకాన్ని నిందించలేదు, పనిని మానలేదు. లాభానికి ఒక హద్దు గీసుకున్నాడు. హద్దు గీయగలవాడు స్వతంత్రుడు, గీయలేనివాడు తన సరకునకు తానే బానిస.

1772లో ఇంగ్లండుకు వెళ్లి, యార్కు నగరంలో మశూచికంతో మరణించినాడు. నాలుగేండ్లకు, 1776లో, ఫిలడెల్ఫియా క్వేకర్ల వార్షిక సమావేశం తమ సభ్యులు బానిసలను ఉంచుకొనరాదని నిర్ణయించింది. ఆ నిర్ణయానికి పాటుపడినవారిలో వూల్మన్ అగ్రగణ్యుడు.

నేడు బజారు మన ఇంటిలోనికే వచ్చినది. కోరిక పుట్టకముందే వస్తువు కనుల ముందు నిలుచుచున్నది. కొనగల శక్తియే స్వేచ్ఛయని మన పిల్లలు నమ్ముతున్నారు. చాలునని చెప్పగల శక్తి కూడ స్వేచ్ఛయేనని వారికి బోధించవలసినవారు ఉపాధ్యాయులే.