పైన పటారం, లోన మైదా!

బేకరీ అద్దాల బీరువాలో రెండు రకాల రొట్టెలు పక్కపక్కనే కూర్చుని ఉంటాయి. ఒకటి తెల్లగా, మెత్తగా, దూదిపింజలా ఉంటుంది. రెండోది గోధుమరంగులో, ఊరిపెద్దలా గంభీరంగా ఉంటుంది. దాని కవరు మీద బంగారు రంగు గోధుమ కంకులు, 'ఆరోగ్యం', 'పీచు', 'బహుధాన్యం' వంటి బరువైన మాటలు! ధర కూడా కాస్త బరువే. చక్కెర జబ్బున్న తాతయ్యకు మంచిదని అమ్మ ఆ రెండోదే కొంటుంది. తాతయ్యేమో మాత్ర మింగినట్లు ముఖం పెట్టి, దాన్ని బుద్ధిగా నమిలేస్తాడు.

ఇంతకీ ఆ రంగు ఎక్కడిది? గోధుమ గింజ ఇచ్చిందా, రంగు సీసా ఇచ్చిందా? ఈ సంగతి తేల్చడానికి పెద్ద ప్రయోగశాల అక్కర్లేదు. మీ కళ్ళూ, కొంచెం విజ్ఞానమూ చాలు.

గింజ ఒకటి, భాగాలు మూడు

గోధుమ గింజను ఒక ఇల్లనుకోండి. దాని బయటి గోడ పొట్టు. లోపలంతా పెద్ద గాదె. దీన్నే శాస్త్రజ్ఞులు అంకురచ్ఛదం అంటారు. ఒక మూల ఉయ్యాలలో పసిబిడ్డలా అంకురం నిద్రపోతూ ఉంటుంది. 100 గ్రాముల గోధుమల్లో గాదె వాటా సుమారు 83 గ్రాములు, గోడది 14, బిడ్డది 3 గ్రాములు.

గాదెలో ఉండేది ముఖ్యంగా పిండిపదార్థం, మాంసకృత్తులు. పీచు, ఇనుము, చాలా రకాల బి విటమిన్లు ఎక్కువగా గోడలోనూ, అంకురంలోనూ ఉంటాయి. గింజను మొత్తంగా విసిరితే ముడి గోధుమపిండి, అంటే ఆటా, వస్తుంది. గోడను కూలగొట్టి, బిడ్డను బయటకు పంపి, ఒక్క గాదెనే పిండి చేస్తే వచ్చేది మైదా!

తేడా ఎంతో చూడండి. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో వెలువరించిన ఆహార పట్టికల ప్రకారం 100 గ్రాముల గోధుమపిండిలో పీచు సుమారు 11 గ్రాములుంటే, మైదాలో సుమారు 3 గ్రాములే.

మరి అంతా ముడిపిండితోనే చెయ్యరేం?

పాపం, రొట్టెలు చేసేవారి కష్టం కూడా వినాలి. పిండిలో వేసిన ఈస్టు చక్కెరను తిని, బొగ్గుపులుసు వాయువును వదులుతుంది. ఆ వాయువును పట్టి ఉంచి, రొట్టెను బుడగలా పొంగించేది గ్లూటెన్ అనే జిగురు. ఇటలీలోని బొలోన్యా నగరానికి చెందిన బెక్కారి అనే శాస్త్రజ్ఞుడు పిండిముద్దను నీళ్ళలో కడిగి దీన్ని వేరు చేశాడు. ఆ సంగతి 1745లో అచ్చయింది.

మీరూ చేసి చూడండి. గుప్పెడు మైదా, గుప్పెడు గోధుమపిండి విడివిడిగా కలిపి అరగంట నాననివ్వండి. తరువాత ఒక్కొక్క ముద్దనూ గిన్నెడు నీళ్ళలో మెల్లగా పిసుకుతూ కడగండి. తెల్లని పిండిపదార్థం నీళ్ళలోకి పోతుంది. మైదాముద్దలో చివరికి రబ్బరులా సాగే జిగురు మిగులుతుంది. గోధుమపిండి జిగురులో పొట్టు తునకలు కనిపిస్తాయి. అది అంత బాగా సాగదు, మధ్యలోనే తెగుతుంది.

రొట్టెలో జరిగేదీ ఇదే. పొట్టు తునకలు జిగురు పొరలను తెంపుతాయి, వాయువు తప్పించుకుంటుంది. దానితో రొట్టె పొంగదు. తలగడలా రావలసింది ఇటుకలా వస్తుంది! పైగా అంకురంలో నూనె ఉంటుంది కనుక ముడిపిండి మైదాకంటే త్వరగా ముక్కవాసన వేస్తుంది. మన చపాతీకి ఈ బాధ లేదు. అది పొంగకపోయినా ఎవరూ అలగరు.

మారువేషం

ముడిపిండితో ఇన్ని చిక్కులు. కొనేవారికేమో గోధుమరంగు కావాలి. అందుకని కొందరు తయారీదారులు ఒక ఉపాయం పన్నుతారు. మైదాకు కొద్దిగా ముడిపిండి కలిపి, అందులోనే కాస్త రంగు కూడా కలుపుతారు. ఆ రంగు పేరు కారమెల్. తేలికగా చెప్పాలంటే మాడ్చిన చక్కెర. కోలా పానీయాలకు నలుపు ఇచ్చేది కూడా ఈ కుటుంబమే. చట్టం దీన్ని అనుమతిస్తుంది, ఇది విషమేమీ కాదు. కాని వేషం వేషమే! పులి చారలు పూసుకున్నంత మాత్రాన పిల్లి పులి అవుతుందా?

ఇక బహుధాన్యం సంగతి. 'బహు' అంటే అనేకం అనే గాని, పొట్టుతో సహా అని కాదు. మైదా రొట్టె మీద అరిసెకు నువ్వులద్దినట్లు నాలుగు గింజలద్ది, ఓట్లు అక్షింతల్లా చల్లినా, అందులో ధాన్యాలు అనేకమే కదా!

కవరు వెనక్కి తిప్పండి

కవరు ముందువైపు కవిత్వం, వెనకవైపు లెక్క. మన దేశపు నిబంధనల ప్రకారం అందులో వాడిన పదార్థాలను బరువును బట్టి వరసగా రాయాలి. ఎక్కువ ఉన్నది ముందు, తక్కువ ఉన్నది వెనక. కనుక ఈ నాలుగూ చూడండి:

1. మొదటి పేరు ఏమిటి? 'శుద్ధిచేసిన గోధుమపిండి' అని ఉంటే మురిసిపోకండి, అది మైదాకు పెట్టిన పండగ పేరు.

2. ముడి గోధుమపిండి పక్కన శాతం ఉందా? ముందువైపు గొప్పగా చెప్పుకున్న పదార్థం ఎంత శాతమో రాయాలి.

3. రంగు 150 అని ఉందా? పక్కన ఎ, బి, సి, డి ఏ అక్షరమున్నా అది కారమెలే.

4. ఉప్పు ఎక్కడుంది? రొట్టెలో ఉప్పు సాధారణంగా పిండి బరువులో 2 శాతానికి మించదు. కాబట్టి ఉప్పు తరువాత వచ్చేవన్నీ అంతకన్నా తక్కువే. రాగులో, ఓట్లో ఉప్పు వెనక నిలబడితే, అవి పేరుకు వచ్చిన చుట్టాలే!

తాతయ్యకు ఒక మాట

అసలైన ముడిగోధుమ రొట్టే దొరికిందనుకోండి. పీచు, విటమిన్లు ఎక్కువే, సందేహం లేదు. కాని పిండి మెత్తగా విసిరినదైతే, ఆ రొట్టె కూడా రక్తంలో చక్కెరను దాదాపు తెల్లరొట్టెలాగే పెంచుతుంది. కనుక 'రంగు గోధుమ కదా' అని తాతయ్య రెండు ముక్కలకు బదులు నాలుగు లాగిస్తే లాభం లేదు. ఎన్ని తినాలో డాక్టరుగారిని అడగాలి గాని, రొట్టె రంగును అడగకూడదు.

ఈసారి కొట్టుకు వెళ్ళినప్పుడు మూడు రకాల గోధుమరంగు రొట్టెల కవర్లు తిప్పి చూడండి. మొదటి పదార్థం, ముడిపిండి శాతం, రంగు అంకె, ధర—ఈ నాలుగూ ఒక కాగితం మీద పట్టిక వేసి అమ్మకు చూపించండి. ఎక్కువ డబ్బు పొట్టుకు ఇస్తున్నామో, మాడిన చక్కెరకు ఇస్తున్నామో ఆవిడే తేలుస్తుంది.